నాలుగు వందల అట్ట బిళ్లలు

1987 జూన్ నెలలో నాచారంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరాను. ఒకటి నుంచి అయిదు తరగతుల వరకు అన్ని సబ్జెక్టులూ చెప్పవలసిన హోదా అది. ఆ బడిలో పనిచేసిన కాలంలో పోయినవాటి లెక్క ముందు చెబుతాను.

ముప్పై మూడు అట్ట బిళ్లలు పోయాయి. వాటిలో పది పైసలవి ఇరవై ఆరు, పావలావి ఏడు. పది పైసల బిళ్లల్లో ఏడు ఒక పిల్లవాడి చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో గుజ్జయ్యాయి. రెండింటిని మేక తిన్నది. ఒకటి విచారణ ఫైలులో కుట్టారు. ఒకటి ఎక్కడుందో నాకు తెలుసు, కాని తిరిగి రాదు. మిగిలిన పదిహేను ఏమయ్యాయో తెలియదు. పావలా బిళ్లల్లో ఒకటి అదే ఫైలులో ఉంది, ఒకటి గుడి హుండీలో పడింది, అయిదింటి జాడ లేదు. ఇవి కాక, బడి ముద్రను అడిగి తీసుకునే చనువు పోయింది. నా సర్వీసు రిజిస్టరులో ఏమీ రాయకుండా ఉండవలసిన ఒక పేజీ పోయింది.

నేను లెక్కలు చదువుకున్నదాన్ని కాను. ఇంటరులో చరిత్ర, ఆ తర్వాత టీచరు శిక్షణ. జమాఖర్చులు నేర్చుకున్నది ఉప్పల్‌లో మా ఇంటి దగ్గరి బజ్జీల బండి వల్ల. నాచారం ఫ్యాక్టరీల్లో పాతబడిన లెడ్జరు పుస్తకాలు తూకానికి అమ్మితే ఆ కాగితాల్లోనే బజ్జీలు చుట్టి ఇచ్చేవారు. బజ్జీ తిన్నాక కాగితం చదివేదాన్ని. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది, అడుగున రెండూ సమానం కావాలి. ఒక పేజీలో సమానం కాకపోతే ఎక్కడ తప్పిందో దొరికేదాకా పెన్సిలుతో కూడుకుంటూ కూర్చునేదాన్ని. ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు.

1988లో నాకు నాలుగో తరగతి ఇచ్చారు. నలభై ఒక్క మంది పిల్లలు. ఎక్కువమంది తల్లిదండ్రులు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. తీగెల ఫ్యాక్టరీ, మందుల ఫ్యాక్టరీ, బిస్కెట్ల ఫ్యాక్టరీ. కొన్ని కుటుంబాలు నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వచ్చి రెండేళ్లయినా కానివి. సాంఘిక శాస్త్రంలో డబ్బు, అంగడి గురించి ఒక పాఠం ఉండేది. వస్తుమార్పిడితో మొదలై, నాణేల మీదుగా నోట్ల దాకా వచ్చి ముగుస్తుంది. మూడు పీరియడ్లలో అయిపోవాలి.

మొదటి పీరియడులోనే ఆగిపోయాను. పది పైసలంటే ఎంత అని అడిగాను. ముందు వరసలో కూర్చునే అంజయ్య చేయి ఎత్తాడు.

"ఒక చాక్లెట్, టీచర్."

తమాషాకు అంటున్నాడేమోనని చూశాను. కాదు. అది తప్పన్నాను, మరి రూపాయంటే ఎంత అని అడిగాను.

"పది చాక్లెట్లు."

వెనక నుంచి రాజేశ్వరి లేచింది. "గాడు తప్పు జెప్తుండు టీచర్. మా నాయిన గట్టిగ అడిగితె యాదమ్మ రూపాయికి పదకొండిస్తది."

ఆ రోజుల్లో చిల్లర దొరకడం కష్టంగా ఉండేది. బడి గేటు ఎదురుగా చెక్క డబ్బాలో కిరాణా దుకాణం నడిపే యాదమ్మ పది పైసలు తిరిగి ఇవ్వవలసి వస్తే ఒక చాక్లెట్ చేతిలో పెట్టేది. పిల్లలకు తెలిసిన పది పైసలు అదే. సాయంత్రం వెళ్లి ఆమెతో ఈ మాట అన్నాను. ఆమె తక్కెడ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"చిల్లర యాడికెళ్లి తేవాలె టీచరమ్మా? నోట్లు పట్కొచ్చేటోళ్లే గాని పైసలు దెచ్చేటోడు లేడు. చాక్లెట్ వద్దంటె అగ్గిపెట్టె ఇస్త. నీ పోరగాండ్లకు అగ్గిపెట్టె ఇయ్యాల్నా, జెప్పు."

రెండో పీరియడులో రెండు రూపాయల నోటు తీసుకెళ్లి పిల్లలకు చూపించాను. రూపాయి నోటు మీద ఉండని వాక్యం ఒకటి దాని మీద ఉంటుంది. ఈ నోటు తెచ్చినవారికి రెండు రూపాయలు చెల్లిస్తానని నోట్లు జారీచేసే బ్యాంకు గవర్నరు మాట ఇచ్చి సంతకం చేస్తారు. ఇది కాగితం కాదు, ఒక పెద్దమనిషి ఇచ్చిన మాట అని చెప్పాను. పాఠం బాగానే నడుస్తోందనుకున్నాను.

"గా గవర్నర్ సార్ ఏడుంటడు టీచర్?" అన్నాడు అంజయ్య.

బొంబాయిలో అన్నాను.

"పోయి అడిగితె ఇస్తడా?"

ఇస్తారన్నాను.

"మీరు జూసిన్రా?"

నేను చూడలేదు. చూశానని చెప్పలేదు. వారం రోజులు ఆలోచించి, పిల్లలు నడిచి వచ్చి అడగగలిగినంత దగ్గరలో ఒక గవర్నరు ఉండాలని తేల్చుకున్నాను.

యాదమ్మ దుకాణం వెనక పడేసిన సబ్బుల అట్టపెట్టెలు తెచ్చి బిళ్లలు కోశాను. చదవడం రానివారికి కూడా తేడా తెలియాలని పది పైసలది నలుచదరంగా, పావలాది గుండ్రంగా చేశాను. పది పైసలవి మూడు వందలు, పావలావి వంద. మొత్తం విలువ యాభై అయిదు రూపాయలు. ఒకటి నుంచి నాలుగు వందల దాకా నంబర్లు వేశాను. వెనక, "ఈ బిళ్ల తెచ్చిన వారికి పది పైసలు చెల్లిస్తాను" అని రాసి సంతకం చేశాను. పావలా వాటి మీద ఇరవై అయిదు అని రాశాను. నాలుగు వందల సంతకాలకు మూడు ఆదివారాలు పట్టింది.

చివరగా బడి గుండ్రటి ముద్ర. టి.సి.ల మీద, జీతాల బిల్లుల మీద వేసే ముద్ర అది. ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఉంటుంది. మా ప్రధానోపాధ్యాయుడు సుబ్బారావుగారిది గుంటూరు వైపు. రిటైరుమెంటుకు రెండేళ్లుంది. ఏ కాగితమైనా రెండుసార్లు చదివి గాని సంతకం పెట్టరు.

"చూడమ్మా, ముద్రంటే ఆషామాషీ కాదు. దాని కింద ఏం రాసినా ప్రభుత్వం రాసినట్టే. అట్టముక్కల మీద గుద్దుకుంటానంటున్నారు. రేపేదైనా వస్తే నన్నడగొద్దు" అన్నారు. అని, తాళంచెవి ఇచ్చారు. పిల్లల పాఠం కోసమని ఇచ్చారు. ఆయన అన్నమాట నేను అప్పుడు సగమే విన్నాను.

నియమం ఒక్కటే. అసలు పది పైసలు ఇచ్చినవారికి పది పైసల బిళ్ల. ఆ పైసలు పాలపొడి డబ్బాలో పడతాయి. బిళ్ల తిరిగి తెస్తే డబ్బాలోంచి పైసలు వస్తాయి. డబ్బా బీరువాలో ఉంటుంది. ఏ నంబరు ఎవరికి ఇచ్చానో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. బయట ఎన్ని బిళ్లలుంటే డబ్బాలో అన్ని పైసలుండాలి. లెడ్జరు కాగితాలు నేర్పిన పద్ధతి అది. ఒక్క బిళ్లకైనా పైసలివ్వలేకపోతే ఏడాది పాటు చెప్పినదంతా నలభై ఒక్క మంది ముందు అబద్ధమవుతుందని నాకు తెలుసు.

ఒకటో నంబరు అంజయ్య తీసుకున్నాడు. తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"నా పైసలు నాకియ్యిండ్రి."

ఇచ్చాను. మళ్లీ పైసలిచ్చి బిళ్ల తీసుకున్నాడు. మళ్లీ గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. మూడోసారి కూడా ఇచ్చాక, "సరే టీచర్, ఉండనియ్యిండ్రి" అని బిళ్లను జేబులో వేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నెలలపాటు ఒక్క పిల్లవాడు కూడా పైసలు అడగలేదు. ఇస్తానని తేలాక అడిగే అవసరం వాళ్లకు కనిపించలేదు.

శనివారం చివరి పీరియడు అంగడి. పెన్సిలు ముక్కలు, గోలీలు, చింతకాయలు, జామకాయలు. వర్షం పడి చింతకాయలు తక్కువ వచ్చిన శనివారం ధర ఎందుకు పెరిగిందో, పెన్సిలు ముక్కలు అందరూ తెచ్చిన శనివారం ఎందుకు పడిపోయిందో వాళ్లే చెప్పేవారు. పుస్తకంలో మూడు పీరియడ్ల పాఠం అయిదు నెలలు నడిచింది.

దసరా సెలవుల తర్వాత బిళ్లలు గేటు దాటాయి. మొదట ఎవరు యాదమ్మకు ఇచ్చారో నోటుపుస్తకంలో లేదు. ఆమె తీసుకుంది. తీసుకోవడమే కాదు, చిల్లర ఇవ్వవలసినప్పుడు చాక్లెట్ బదులు బిళ్ల ఇవ్వడం మొదలుపెట్టింది. షిఫ్టు దిగి బీడీలకు, ఉల్లిగడ్డలకు వచ్చే కార్మికులు అవి తీసుకునేవారు. వాళ్ల పిల్లలు మా బడిలోనే ఉన్నారు, కావాలంటే టీచరు దగ్గర పైసలు వస్తాయి. యాదమ్మ నాతో, "నీ బిళ్లలు మంచిగున్నయ్ టీచరమ్మా. పోరగాండ్లు మింగరు, కింద పడితె సప్పుడు గాదు" అంది.

దీపావళి నాటికి నాలుగు వందలూ బయట ఉన్నాయి. డబ్బాలో యాభై అయిదు రూపాయల చిల్లర చేరింది. నేను సంతోషపడ్డాను. యాదమ్మకు ఒక సంగతి తర్వాత తట్టింది. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపింది.

"జర ఆగు టీచరమ్మా. ఈ గల్లీల పైసలు ఎందుకు దొర్కుతలేవో ఇయ్యాల సమజైంది. నాలుగు వందల పైసలు నీ డబ్బల పెట్టుకొని కూసున్నవు గద."

నిజమే. చిల్లర కొరత గురించి పాఠం చెప్పడానికి నేను చిల్లరంతా పోగుచేశాను. ఆ మాటకు నవ్వి ఊరుకున్నాను.

అప్పుడు కాకపోయినా తర్వాతి నెలలోనైనా ఆపవలసింది. ఒక సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి బండి దగ్గర జామకాయలు కొన్నాను. బండి అతను చిల్లరకు వెతుక్కుని, గుండ్రటి అట్ట ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. 347వ నంబరు. నా సంతకమే నాకు చిల్లరగా వచ్చింది.

"ఏందిది?" అన్నాను.

"పంతులమ్మ పావలా. నాచారంల చెల్తది, తీస్కో. నకిలీ గాదు, జూడు, ముద్ర ఉన్నది."

ఆ పంతులమ్మను నేనేనని చెప్పలేదు. బిళ్ల తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ రాసింది నలభై ఒక్క మంది పిల్లలకు, కాని ముఖం తెలియని మనిషికి కూడా నేను బాకీ పడ్డానని అప్పుడు లెక్క వేసుకోవలసింది. దానికి బదులు గర్వపడ్డాను. మర్నాడు ఆ బిళ్లను యాదమ్మ దగ్గరే చారెడు పల్లీలకు ఖర్చుపెట్టాను. నా తప్పు ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

1989 ఫిబ్రవరిలో పై అధికారికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. ఒక ఉపాధ్యాయిని ప్రభుత్వ ముద్రతో సొంత డబ్బు అచ్చువేసి చలామణీ చేస్తున్నదని దాని సారాంశం. ఎవరు రాశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించలేదు. రాసిన దాంట్లో అబద్ధమేమీ లేదు.

మండల విద్యాధికారి ఒక గురువారం ఉదయం వచ్చారు. వరంగల్ వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. హాజరు పట్టీ, పాఠ్య ప్రణాళిక చూసి ఆ తర్వాత బిళ్లలు అడిగారు. రెండు తెప్పించి ఇచ్చాను. వెనక్కి తిప్పి చదివారు. రాత నాదేనా అన్నారు, అవునన్నాను. పాఠం సంగతి, డబ్బా సంగతి, నంబర్ల సంగతి చెప్పాను. నోటుపుస్తకం చూపించాను. ఆయన దాన్ని పూర్తిగా చదివారు.

"లెక్క మంచిగ రాసిన్రమ్మా. కాని మీరు ఇస్తనని రాసి కింద ముద్ర గుద్దినంక ఇస్తనన్నది మీరు గాదు, సర్కారు. సర్కారు ఎప్పుడన్నది?"

సుబ్బారావుగారు కిటికీ వైపు చూస్తున్నారు.

ఆయన ఆదేశం మూడు ముక్కలు. ఈ రోజు నుంచి కొత్తగా బిళ్లలు ఇవ్వకూడదు. బయట ఉన్నవి వెనక్కి తీసుకోవాలి. డబ్బా విచారణ పూర్తయ్యేదాకా కార్యాలయంలో ఉండాలి. ముగ్గురం కూర్చుని లెక్కపెట్టాం. పది పైసల నాణేలు మూడు వందలు, పావలాలు వంద. డబ్బాను గుడ్డలో చుట్టి లక్క ముద్ర వేసి నాకు రసీదు ఇచ్చారు. రెండు బిళ్లలను ఫైలుకు కుట్టారు. డబ్బా పోతే బిళ్లలు వెనక్కి తీసుకోవడం ఎలా అని అడిగాను.

"సాక్ష్యం ముట్టుకోనియ్యరాదు. రాసింది మీరే గద, మీ చేతికెళ్లి ఇయ్యిండ్రి" అన్నారు. నిబంధన ప్రకారం ఆయన చేసింది సరైనదే.

మధ్యాహ్నం అన్నం బెల్లుకు రాజేశ్వరి వచ్చి నిలబడింది. "టీచర్, మీ బిళ్లలు బందైనయంట. బయట అందరు అంటున్నరు."

మర్నాడు ఉదయం నేను బస్సు దిగి వచ్చేసరికి గేటు దగ్గర అరవై మంది దాకా ఉన్నారు. పిల్లలు, వాళ్ల తల్లులు, షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కార్మికులు, గడ్డం గీసే దుకాణం అతను, కూరగాయలమ్మే ఇద్దరు. అందరి చేతుల్లో అట్ట ముక్కలు. టీచరమ్మకు బదిలీ అయిందని ఒకరు, సర్కారు జప్తు చేసిందని ఒకరు.

అది నెలలో ఇరవై నాలుగో తేదీ. నా దగ్గర ఇరవై ఆరు రూపాయలున్నాయి. అన్నీ నోట్లే. గల్లీలో ఉన్న చిల్లరంతా లక్క ముద్ర కింద ఉంది. పది పైసల బిళ్ల ఒకటి తెచ్చినవారికి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు.

సుబ్బారావుగారి దగ్గరికి వెళ్లి నా నోట్లకు రూపాయి, రెండు రూపాయల నోట్లు కావాలన్నాను. నన్నడగొద్దన్న మనిషి నన్నేమీ అడగలేదు. తన పర్సు, మిగిలిన ఇద్దరు టీచర్ల పర్సులు బల్ల మీద బోర్లించి చిన్న నోట్లు ఏరి ఇచ్చారు. "వరసలో నిలబెట్టండి. నంబరు రాసుకోకుండా ఒక్కటీ తీసుకోకండి" అని మాత్రం అన్నారు.

గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పది పది పైసల బిళ్లలకు ఒక రూపాయి, నాలుగు పావలా బిళ్లలకు ఒక రూపాయి. నంబర్లు రాసుకుంటూ తీసుకున్నాను. గంటలో పది పైసలవి తొంభై, పావలావి ముప్పై రెండు వచ్చాయి. పదిహేడు రూపాయలు వెళ్లిపోయాయి. ఇక మిగిలినవాళ్ల దగ్గర ఉన్నవి రూపాయికి తక్కువ. ఒకటి, రెండు, మూడు. ఎక్కువమంది పిల్లలే.

సోమవారం రమ్మన్నాను, చిల్లర తెస్తానన్నాను. వరసలో ఒక కార్మికుడు పెద్దగా నవ్వాడు.

"సోమవారమా? ఇగ గేటుకు బోర్డు గట్టు టీచరమ్మా, అరువు రేపు అని!"

అందరూ నవ్వారు. ఇంకొకామె, "పెద్దోళ్లకు నోట్లిచ్చి పోరగాండ్లకు మొండిచెయ్యి జూపెడ్తరా?" అంది. ఆ మాట న్యాయమైనది. అంజయ్య వరసలో లేడు. పక్కన గోడకు ఆనుకుని నన్ను చూస్తున్నాడు. వాడు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, మీరు జూసిన్రా అని అడిగినవాడు. వాడికి జవాబు చెప్పలేకపోతే ఇక ఆ తరగతికి వెళ్లి సుద్దముక్క పట్టుకోవడం కష్టమనిపించింది.

అప్పుడు యాదమ్మ రోడ్డు దాటి వచ్చింది. చంకలో చాక్లెట్ల సీసా.

"ఏందిర గీ లొల్లి పొద్దుపొద్దుగాల? బిళ్లలు చెల్లయని ఎవడన్నడు? నా దుకాణంల చెల్తయ్. ఇయ్యాల చెల్తయ్, రేపు చెల్తయ్. ఉప్పుకు చెల్తయ్, పప్పుకు చెల్తయ్. గిప్పుడే గావాలంటె ఇగో, పది పైసలకొక చాక్లెట్. ఎవరికి గావాలె?"

పిల్లలు సీసా చుట్టూ మూగారు. పెద్దవాళ్లలో సగం మంది అక్కడే ఆగి బిళ్లలను మళ్లీ జేబుల్లో పెట్టుకున్నారు. ఎక్కడో ఒకచోట చెల్లుతాయంటే ఇప్పుడే ఇచ్చేయవలసిన పని లేదు. పావుగంటలో గేటు ముందు ఖాళీ అయింది. పది పైసల బిళ్లలు యాభై ఏడు, పావలావి పది ఆమె ఒళ్లో చేరాయి. ఎనభై రెండు చాక్లెట్లు. ఎనిమిది రూపాయల ఇరవై పైసలు. నా దగ్గర ఉన్న తొమ్మిది రూపాయలు ఆమెకిచ్చాను. ఎనభై పైసలు తన దగ్గర నా పేర ఉంచుకుంటానంది.

నేను పక్కకు పిలిచి, దుకాణంలో తన దగ్గర ఉన్న బిళ్లలకు ఒకటో తారీఖు దాకా ఏమీ ఇవ్వలేనని చెప్పాను. నిన్న సాయంత్రం దాకా గల్లాలో చేరినవి తొంభై ఆరు పది పైసలవి, నలభై పావలావి. పందొమ్మిది రూపాయల అరవై పైసలు. ఆ దుకాణంలో రెండు రోజుల మిగులు అంతకన్నా ఎక్కువ ఉండదు.

"నాకెర్కనే టీచరమ్మా. గందుకే వచ్చిన. నేను గూడ లైన్ల నిలబడితె నువ్వు మునుగుతవు, నీతోని నేను మునుగుత. జీతమొచ్చినంక ఇయ్యి."

తరగతిలోకి వెళ్లేసరికి అందరి బుగ్గల్లో చాక్లెట్లున్నాయి. హాజరు పిలుస్తుంటే రాజేశ్వరి లేచింది.

"టీచర్, పది పైసలంటె ఒక చాక్లెట్ అని అంజిగాడు అప్పుడే జెప్పిండు గద. మీరు తప్పన్నరు."

హాజరు పూర్తి చేశాను. అంజయ్య చాక్లెట్ తినడం లేదు. బిళ్ల జేబులోనే ఉందని తర్వాత తెలిసింది.

మార్చి ఒకటిన జీతం అందింది. చేతికి వచ్చేది పదమూడు వందల చిల్లర. ముందుగా యాదమ్మ దగ్గరికి వెళ్లి ఇరవై రూపాయల నోటు ఇచ్చాను. ఆమె బిళ్లలన్నీ పురికొసతో కట్టి ఉంచింది. నాకు తిరిగి రావలసింది ఒక రూపాయి ఇరవై పైసలు. ఈ నోటు మీద నలభై, పోయినసారివి ఎనభై. ఆమె రూపాయి నోటు ఒకటి ఇచ్చి, సీసాలోంచి రెండు చాక్లెట్లు తీసి నా అరచేతిలో పెట్టింది.

నా సంజాయిషీ రెండు పేజీలు రాశాను. ముద్ర వాడకం నా తప్పని, ప్రధానోపాధ్యాయులకు బిళ్లలు బయటకు వెళ్లిన సంగతి తెలియదని రాశాను. రెండోది నిజం. జూలైలో ఉత్తర్వు వచ్చింది. ఇంక్రిమెంటు ఆపలేదు. ముద్ర విషయంలో హెచ్చరిక అని సర్వీసు రిజిస్టరులో నాలుగు వరుసలు రాశారు. డబ్బా కూడా అదే రోజు వచ్చింది. లక్క ముద్ర చెక్కుచెదరలేదు. లెక్కపెడితే యాభై అయిదు రూపాయలు సరిగ్గా ఉన్నాయి. అందులోంచి నేను చేతినుంచి పెట్టిన నలభై నాలుగు రూపాయల ఎనభై పైసలు తీసుకున్నాను. పది రూపాయల ఇరవై పైసలు మిగిలాయి. ఆ చిల్లర యాదమ్మే నోట్లిచ్చి కొనుక్కుంది.

తర్వాత ఎనిమిదేళ్లలో బిళ్లలు ఒకటీ రెండూ వస్తూనే ఉన్నాయి. గడ్డం గీసే దుకాణంలో అద్దం వెనక దొరికినవి, పాత పుస్తకాల్లో దొరికినవి. పది పైసలవి ముప్పై ఒకటి, పావలావి పదకొండు. అయిదు రూపాయల ఎనభై అయిదు పైసలు. ప్రతిదానికీ ఇచ్చి నంబరు కొట్టేశాను. చివరిది 1997లో వచ్చింది.

విచారణ జరిగిన మరుసటి ఏడు నాలుగో తరగతికి మళ్లీ అదే పాఠం వచ్చింది. మళ్లీ బిళ్లలు చేశాను, ముద్ర లేకుండా, సంతకం లేకుండా, డబ్బా లేకుండా. పిల్లలు ఆ పీరియడు ఆడుకున్నారు. బెల్లు కొట్టగానే సగం నేల మీద పడి ఉన్నాయి. ఊడ్చి ఎత్తాం.

1998లో అంజయ్య ఉప్పల్ బస్టాండులో కనిపించాడు. నాచారంలోనే లేత్ యంత్రం మీద పనికి కుదిరానన్నాడు. పర్సు తీసి ఒకటో నంబరు బిళ్ల చూపించాడు. అంచులు నలిగాయి గాని నా సంతకం చదవడానికి వస్తోంది. సంచిలోంచి పది పైసలు తీశాను.

"వద్దు టీచర్. యాదమ్మకు బాకీ, చిట్టీకి బాకీ, ఇంటి కిరాయికి బాకీ. నాకు బాకీ ఉన్నది మీరొక్కలే. ఉండనియ్యిండ్రి."

బలవంతం చేయలేదు. తెచ్చినవారికి చెల్లిస్తానని రాశాను గాని, తేనివారి దగ్గర లాక్కుంటానని రాయలేదు.

నిరుడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. బీరువా సర్దుతుంటే ఆ నోటుపుస్తకం బయటపడింది. దాని నుంచి నేను నేర్చుకున్నవి రెండు. డబ్బాలో పైసలు ఉన్నందువల్లే బిళ్లలకు విలువ ఉందని నేను అనుకున్నాను. డబ్బా వెళ్లిపోయిన రోజున వాటికి విలువ ఇచ్చింది రేపు కూడా తీసుకుంటానన్న యాదమ్మ మాట. ఆ మాటలో ఆమె స్వార్థం కూడా ఉంది, అందుకే అది నమ్మదగినదిగా ఉంది. రెండోది, మన ఇంటికి తీసుకెళ్లలేని ముద్ర కింద మన మాట రాయకూడదు. డబ్బు గురించి పిల్లలకు పాఠం చెప్పే టీచర్లెవరైనా నన్ను అడిగితే ఈ రెండే చెబుతాను.

పావలా, అంతకంటే చిన్న నాణేలు ఇక చెల్లవని ప్రకటించారు కనుక డబ్బాలో ఇప్పుడు అయిదు రూపాయల నాణెం ఒకటి ఉంచాను. అందులో అరవై అయిదు పైసలు నావి. గుజ్జయినవి, మేక తిన్నవి, హుండీలోవి, ఫైలులోవి, అంజయ్య దగ్గర ఉన్నది, జాడ తెలియనివి, అన్నీ కలిపి ముప్పై మూడు. వాటిలో దేనికీ నేను కొట్టివేత గీత గీయలేదు. బాకీ నాలుగు రూపాయల ముప్పై అయిదు పైసలు.